బీప్ వస్తోందంటే బోర్డు బతికే ఉంది

ప్రశ్న: నమస్కారం సర్. మాది జనగామ. కోర్టు దగ్గర చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను, ఫ్లెక్సీలు కూడా డిజైన్ చేస్తాను. షాపు పెట్టినప్పుడు 2012లో కొన్న డెస్క్‌టాప్ ఒక్కటే ఆధారం. ఇంటెల్ ఐ3 రెండో తరం, బోర్డు మీద హెచ్61 అని ఉంది. 2 జీబీ ర్యామ్‌లు రెండు, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. అను (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్), పేజ్‌మేకర్, ఫోటోషాప్, క్రోమ్ కలిపి తెరిస్తే మౌస్ కూడా కదలడం లేదు. కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటే టెన్షన్‌తో నాకు చేతులు ఆడవు. ఒక షాపులో అడిగితే "ఇది అయిపోయిందమ్మా, పక్కన పెట్టి కొత్తది తీసుకోండి, 38 వేలు అవుతుంది" అన్నారు. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో చవకగా ఉందని 8 జీబీ ర్యామ్ ఒకటి తెప్పించాడు. పెట్టి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంది, పొడుగు బీప్‌లు ఆగకుండా వచ్చాయి. దాన్ని తీసి పాతవి పెడితే మళ్లీ మామూలే. బోర్డు దెబ్బతిందా? ఈ సిస్టమ్ మీద ఇంకా డబ్బు పెట్టడం దండగా? ఫోటోలు పంపుతున్నాను. పేరు వేయకండి.
ఒక సోదరి, జనగామ

సమాధానం: ముందు మీ భయం తీరుస్తానమ్మా. మీ బోర్డుకి ఏమీ కాలేదు. సిస్టమ్ ఆన్ చేయగానే బోర్డులోని బయోస్, అంటే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్, ముందుగా వెతికే వాటిలో మెమరీ (అదే ర్యామ్) ఒకటి. అది దొరక్కపోతే తెర మీద నాలుగు అక్షరాలు చూపించడానికి కూడా వీలుండదు, అందుకే బీప్ కొట్టి చెబుతుంది. ఆ బీప్ రావాలన్నా ప్రాసెసర్ నడవాలి, బోర్డు నడవాలి, కరెంటు సరిగ్గా అందాలి. ఏ చప్పుడూ లేకుండా ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంటే అప్పుడు బోర్డును అనుమానించాలి. మీది నోరు తెరిచి చెబుతోంది, నేను చదవగలిగే ర్యామ్ ఇక్కడ లేదని. పాతవి పెట్టగానే లేచిందని మీరే రాశారు కాబట్టి ఇక సందేహం అక్కర్లేదు.

ఇక అబ్బాయి తెప్పించిన ర్యామ్ సంగతి. మీ ఫోటోను పెద్దది చేసి చూశాను. స్టిక్కర్ మీద 8 జీబీ పక్కన పీసీ3-10600ఆర్ అని ఉంది. తేడా అంతా చివర ఉన్న ఆ 'ఆర్' దగ్గరే. నమ్మకం కుదరక నల్ల చిప్‌లు కూడా లెక్కపెట్టాను. ఒక్కో వైపు తొమ్మిది ఉన్నాయి. ముందు వైపు మధ్యలో వేరే ఆకారంలో ఇంకో చిప్ ఉంది. ఇది సర్వర్‌లో వాడే ర్యామ్. డేటాలో పొరపాట్లు దొర్లితే పట్టుకుని సరిదిద్దడానికి ఆ తొమ్మిదో చిప్, ఆ ఏర్పాటునే ఈసీసీ అంటారు. మధ్యలో ఉన్నదాన్ని రిజిస్టర్ అంటారు, ప్రాసెసర్ పంపే ఆదేశాలు ముందు దానికి చేరి, అక్కణ్నుంచి మిగతా చిప్‌లకు వెళతాయి. సర్వర్ ప్రాసెసర్లకు ఆ పద్ధతి తెలుసు, మీ ఐ3కి తెలియదు.

మీ బోర్డు తరం ర్యామ్‌ను డీడీఆర్3 అంటారు. మామూలు డీడీఆర్3కీ, ఈ సర్వర్ డీడీఆర్3కీ పిన్నులు 240 చొప్పునే, గాడి కూడా ఒకేచోట. అందుకే మీ స్లాట్‌లో అడ్డు లేకుండా దిగిపోయింది. దిగిందంటే నడుస్తుందనే ఎవరైనా అనుకుంటారు, అబ్బాయిని ఏమీ అనకండి. పాత సర్వర్లు విప్పినప్పుడు ఇవి పెద్ద సంఖ్యలో బయటికి వస్తాయి, ఇళ్లలోని సిస్టమ్‌లకు పనికిరావు కాబట్టి చవకగా అమ్ముతారు. అమ్మేవాళ్లు ఆ ముక్క స్పష్టంగా రాయాలి. చాలాచోట్ల కింద ఎక్కడో రాస్తారు, కొన్నిచోట్ల అసలు రాయరు. దీనివల్ల సాధారణంగా బోర్డుకి నష్టం ఉండదు, కానీ పదే పదే ప్రయత్నించి స్లాట్‌ను అరగదీయకండి. ఈ ర్యామ్ మీ దాంట్లో ఎప్పటికీ నడవదు. తిప్పి పంపే గడువు ఇంకా ఉందేమో ఈ రోజే చూడండి, ఉత్తరంలో మిగతా భాగం తర్వాత చదవొచ్చు.

మీకు కావలసింది చివర 'యు' ఉన్నది. 10600యు అయినా సరే, 12800యు అయినా సరే. మొదటిది 1333 వేగం, రెండోది 1600. రెండో తరం ఐ3 మెమరీని 1333కి మించి నడపదు, కాబట్టి 1600ది పెట్టినా 1333 దగ్గరే నడుస్తుంది. ఒకే ధరకు ఏది దొరికితే అది తీసుకోండి, వేగం పేరు చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకండి. కొన్ని కంపెనీల స్టిక్కర్ మీద ఈ అక్షరం ఉండదు. అప్పుడు "డెస్క్‌టాప్‌ది, ఈసీసీ లేనిది, అన్‌బఫర్డ్" అని మూడూ చెప్పి అడగండి, అన్‌బఫర్డ్ అంటే ఆ రిజిస్టర్ లేనిదని. 'ఎస్' ఉన్నది ల్యాప్‌టాప్‌ది, పొట్టిగా ఉంటుంది, మీ స్లాట్‌లో పట్టదు కాబట్టి దానితో మోసపోయే భయం లేదు.

పట్టి కూడా నడవనివి ఇంకో రెండు రకాలున్నాయి. ఒకటి ఏఎండీ బోర్డుల్లో మాత్రమే నడిచే డీడీఆర్3. చూడటానికి మామూలు దానిలాగే పదహారు చిప్‌లతో ఉంటుంది, అక్షరాలు కూడా తేడాగా కనిపించవు, కానీ లోపల చిప్‌లను కలిపిన తీరు వేరు, ఇంటెల్ దాన్ని చదవలేదు. దీని దెబ్బ నేనూ తిన్నాను. 2017లో ఒక బడి ల్యాబ్‌లో ఆరు సిస్టమ్‌లకు ర్యామ్ పెంచే పని ఒప్పుకుని, ఒక దుకాణంలో ఆరూ ఒకేసారి కొన్నాను. సాయంత్రం బడి వదిలాక వెళ్లి కూర్చున్నాను. మొదటిది బీప్. రెండోదీ బీప్. రబ్బరుతో తుడిచాను, స్లాట్లు మార్చాను, రాత్రి తొమ్మిదైంది, ఆరూ అంతే. మర్నాడు దుకాణానికి వెళితే "ఏఎండీకి మాత్రమే అని బిల్లులో రాశాం కదా" అన్నారు. నిజమే, బిల్లులో చిన్న అక్షరాల్లో ఉంది. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. తిరిగి తీసుకోలేదు. ఆ డబ్బు బడివాళ్లను అడగడానికి మనసొప్పక నేనే భరించాను. అప్పట్నుంచి ఎవరికి కొన్నా "ఇంటెల్ హెచ్61లో నడవాలి, నడవకపోతే వెనక్కి తీసుకోవాలి" అని బిల్లు మీదే రాయించుకుంటున్నాను. మీరూ రాయించుకోండి. రాయనన్న దుకాణంలో కొనకండి.

రెండోది, 8 జీబీ మొత్తాన్ని ఒకే వైపు ఎనిమిది చిప్‌లలో ఇమిడ్చిన డీడీఆర్3. ఒక్కో చిప్‌లో డేటా మరీ దట్టంగా ఉంటుంది. మీ తరం ప్రాసెసర్లు వచ్చేనాటికి అంత దట్టమైన చిప్‌లు వాడుకలో లేవు, కాబట్టి వాటికి ఆ లెక్క అందదు. మీ బోర్డులో 8 జీబీది నడవాలంటే రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు చిప్‌లు ఉండాలి.

ఈ తలనొప్పి చాలావరకు 8 జీబీ ఒకే దాంట్లో కావాలనుకున్నప్పుడే. నా సలహా వేరు. 4 జీబీవి రెండు తీసుకోండి. ఆ సైజులో, ఏఎండీకి మాత్రమే అన్నది కాకపోతే, ఎనిమిది చిప్‌లదైనా పదహారు చిప్‌లదైనా హెచ్61 చదువుతుంది. పైగా రెండు స్లాట్లలో ఒకే సైజువి ఉంటే బోర్డు రెండు దారుల్లోనూ ఒకేసారి డేటా నడిపిస్తుంది. మీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, తెర మీద బొమ్మ నడిపేది కూడా ప్రాసెసరే, అదీ ఈ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. అందుకే ఒక్క 8 కంటే రెండు 4లు మీకు మేలు. హెచ్61 గరిష్ఠంగా 16 జీబీ తీసుకుంటుంది, కానీ మీ పనికి అంత అక్కర్లేదు.

8 సరిపోతుందని ఊరికే అనడం లేదు. మీ రెండో ఫోటోలో టాస్క్ మేనేజర్ ఉంది కదా, అందులో మెమరీ 3.6/3.9 జీబీ, 92 శాతం అని కనిపిస్తోంది. డిస్క్ 100 శాతం. క్రోమ్‌లో పద్నాలుగు ట్యాబులు. మెమరీ నిండిపోతే విండోస్ ఏం చేస్తుందంటే, మీరు ఆ నిమిషంలో వాడనిదాన్ని తీసి హార్డ్ డిస్క్ మీద పేజ్ ఫైల్‌లో పెడుతుంది. మీరు ఫోటోషాప్ వదిలి క్రోమ్ మీద క్లిక్ చేయగానే ఒకదాన్ని డిస్క్‌కి పంపి ఇంకోదాన్ని వెనక్కి తేవాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికే సెకనులో 120వ వంతు పడుతుంది. మెమరీలో అదే పని దానికంటే సుమారు లక్ష రెట్లు త్వరగా అయిపోతుంది. మౌస్ కదలని ఆ అర నిమిషంలో లోపల జరిగేది ఈ రవాణాయే.

ఇప్పుడు మీ ఫ్లెక్సీ లెక్క చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు, అంగుళానికి 72 చుక్కలు అనుకోండి. అడ్డంగా 8640, నిలువుగా 5184. గుణిస్తే దాదాపు 4 కోట్ల 48 లక్షల చుక్కలు. ప్రింటింగుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు. అంటే ఫ్లెక్సీ నిండా పరుచుకున్న లేయర్ ఒక్కటే సుమారు 170 ఎంబీ. వెనక రంగుకొకటి, దాని మీద పూల డిజైన్‌కొకటి, వెలుగుకొకటి, నీడకొకటి వేసుకుంటే నాలుగు లేయర్లకే 680 ఎంబీ దాటింది. పుట్టినరోజు ఫ్లెక్సీ అయితే పైన పెద్ద నాయకులు, కింద వరసగా ఊళ్లోవాళ్ల పాస్‌పోర్ట్ ఫోటోలు ఇరవై ముప్పై ఉంటాయి. అవి చిన్నవి కాబట్టి ఒక్కోటీ అంత మోయవు, కానీ మీరు వెనక్కి వెళ్లడానికి వీలుగా ఫోటోషాప్ దాచుకునే హిస్టరీ మాత్రం పెరుగుతూ పోతుంది. 4 జీబీలో విండోస్, యాంటీవైరస్, క్రోమ్ తమ వాటా తీసుకోగా ఇక మిగిలేదెంత? మీ సిస్టమ్ ఇన్నాళ్లు లాక్కొచ్చిందంటే అదే గొప్ప.

అయితే ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే రేపు డబ్బు పెట్టాక నన్ను తిట్టుకుంటారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అది 32 బిట్ ప్రోగ్రామ్, మీరు 16 జీబీ పెట్టినా తన వాటా 2 జీబీకి మించి తీసుకోలేదు. ఫోటోషాప్‌లో కూడా విండోస్ మీద 64 బిట్‌ది 2008లో సీఎస్4తోనే మొదలైంది. అంతకంటే పాతది వాడుతుంటే, ఒక్క ఫోటోషాప్ మాత్రమే తెరిచి ఒక్క పెద్ద ఫ్లెక్సీ చేసినప్పుడు మీకు పెద్ద తేడా కనిపించదు. తేడా కనిపించేది నాలుగూ కలిపి తెరిచినప్పుడు. 8 జీబీ ఉంటే ఒకదాన్ని ఒకటి బయటికి నెట్టుకోకుండా ఎవరి చోటు వారికి దొరుకుతుంది. మీ ఇబ్బంది సరిగ్గా అదే కాబట్టి మీకు ఇది పనికొచ్చే ఖర్చు.

కొనే ముందు ఒక్క రోజు పరీక్ష చేయండి. పొద్దున ఆన్ చేసి పది నిమిషాలు ఏమీ తెరవకండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ, డిస్క్ రెండూ చూసి కాగితం మీద రాసుకోండి. తర్వాత పేజ్‌మేకర్ ఒక్కటి తెరిచి రాయండి. ఫోటోషాప్, చివరికి క్రోమ్, ఇలా ఒక్కోటి తెరుస్తూ రాయండి. మెమరీ 85 దాటిన దగ్గర్నుంచి డిస్క్ 100కి ఎక్కితే జబ్బు ర్యామ్‌దే. మెమరీ సగం ఖాళీగా ఉన్నప్పుడే డిస్క్ 100 మీద కూర్చుంటే జబ్బు డిస్క్‌ది, ర్యామ్ ఎంత పోసినా తగ్గదు. మీ ఫోటోను బట్టి మొదటిదే అనిపిస్తోంది, రెండోది కూడా కొంత ఉండొచ్చు. దాని గురించి తర్వాత చెబుతాను. కొత్తది వచ్చేదాకా క్రోమ్ సెట్టింగుల్లో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ సేవర్ ఆన్ చేయండి, చూడని ట్యాబుల మెమరీ అది వదిలేస్తుంది. రూపాయి ఖర్చు లేదు.

మీ దాంట్లో 3.9 జీబీ కనిపిస్తోంది కాబట్టి విండోస్ 64 బిట్‌దే అనిపిస్తోంది, సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ కింద అబౌట్‌లో చూసి ఖాయం చేసుకోండి. ఇది చదివే మిగతావాళ్లలో 4 జీబీ పెట్టినా 3.2, 3.4 అని చూపించేవాళ్లుంటే అది 32 బిట్ విండోస్ కావచ్చు. దాని మీద ఎన్ని పెట్టినా 4 దాటదు, కొత్తగా 64 బిట్ విండోస్ వేయించుకున్నాకే ర్యామ్ కొనాలి. డీటీపీ వాళ్లయితే తమ తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ 64 బిట్ మీద నడుస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. మీకంటే పాత సిస్టమ్‌లున్నవాళ్లు కూడా ఒకటి గమనించాలి. జీ31 బోర్డు అయితే డీడీఆర్2తో 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది. జీ41 అయితే 8 దాకా వెళుతుంది, కానీ డీడీఆర్3 జీ41లో 4 జీబీది పదహారు చిప్‌లదే నడుస్తుంది. డీడీఆర్2కీ 240 పిన్నులే ఉంటాయి, గాడి మాత్రం పక్కకు ఉంటుంది. దిగడం లేదని గట్టిగా నొక్కి స్లాట్ విరగ్గొట్టిన సిస్టమ్‌లు నా దగ్గరికి రెండు మూడు వచ్చాయి. వాటిని బాగుచేయలేకపోయాను.

కొనడానికి మీకు సికింద్రాబాద్ దగ్గరే. రైలెక్కితే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చు, అందరూ సీటీసీ అంటారు. పాత సిస్టమ్‌ల భాగాలకు తెలంగాణలో అంతకంటే అనువైన చోటు నాకు తెలియదు. మీ 2 జీబీ ర్యామ్‌లలో ఒకటి తీసి వెంట తీసుకెళ్లండి, ఇంకోదాంతో ఇంట్లో సిస్టమ్ నెమ్మదిగానైనా నడుస్తుంది. మామూలు ప్లాస్టిక్ కవరులో వేయకండి, సర్వర్ ర్యామ్ వచ్చిన వెండిరంగు కవరు ఉంటే అందులో, లేకపోతే కాగితంలో చుట్టి పట్టుకెళ్లండి. బోర్డు మీద స్లాట్ల దగ్గర పెద్ద అక్షరాల్లో ఉండే మోడల్ పేరు ఫోటో తీసుకోండి. 2025 చివర్నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లకే చిప్‌లు ఎక్కువగా పోతున్నాయి. కాబట్టి నిరుడు ఎవరో చెప్పిన ధర పట్టుకుని వెళ్లకండి. డీడీఆర్3లో మీకు చూపించేవి చాలావరకు ఆఫీసు సిస్టమ్‌ల నుంచి తీసినవే. అందులో తప్పేమీ లేదు, ర్యామ్ అంత తొందరగా అరిగే వస్తువు కాదు. రెండూ ఒకే కంపెనీవి, వీలైతే స్టిక్కర్ నంబర్లు కూడా ఒకటే ఉన్నవి ఎంచుకోండి. అక్కడే వాళ్ల బోర్డులో పెట్టి చూపించమనండి.

బిగించే రోజు. ఆర్డర్లన్నీ ఇచ్చేశాక, దుకాణం మూసే ముందు కాకుండా తీరిగ్గా ఉన్నప్పుడు చేయండి. ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి. షట్‌డౌన్ చేసి, వెనక పవర్ కేబుల్ పీకేసి, ముందున్న బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను బల్ల మీద పక్కకి పడుకోబెట్టండి, పరుపు మీదా తివాచీ మీదా వద్దు. ఆ పూట నైలాన్, సింథటిక్ చీర కాకుండా నూలు చీర కట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ తక్కువ పుడుతుంది. ర్యామ్ పట్టుకునే ముందు ప్రతిసారీ క్యాబినెట్ ఇనుప రేకును ఒకసారి తాకండి.

మూత తీయగానే దుమ్ము చూసి కంగారు పడకండి. జిరాక్స్ షాపు కాబట్టి అందులో టోనర్ పొడి కూడా ఉంటుంది. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది, ఆ పొడి మీ ముక్కులోకీ వెళుతుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో స్లాట్ల చుట్టూ నెమ్మదిగా దులపండి. ర్యామ్ రెండు కొసల్లో తెల్లటి క్లిప్‌లుంటాయి, వాటిని బయటికి నొక్కితే ర్యామ్ దానంతటదే పైకి లేస్తుంది. కొత్తదాన్ని అంచులు పట్టుకుని చూడండి, కింద బంగారు రంగు పిన్నుల మధ్య ఒక గాడి ఉంటుంది. అది సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. స్లాట్‌లో ఉన్న గట్టు కూడా అంతే. రెండూ ఎదురెదురుగా వచ్చేలా తిప్పి, నిటారుగా నిలబెట్టి, రెండు బొటనవేళ్లతో రెండు కొసల మీదా ఒకేసారి అదమండి. కొంచెం బలమే పెట్టాలి. టక్, టక్ అని రెండు చప్పుళ్లు వచ్చి క్లిప్‌లు వాటంతట అవే లేచి పట్టుకుంటాయి. ఒక్క చప్పుడే వచ్చిందంటే ఒక కొస ఇంకా దిగలేదు. అలా వదిలేసి ఆన్ చేయకండి. ర్యామ్ బంగారు అంచు మసకబారి ఉంటే పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో, బోర్డుకి దూరంగా జరిగి, రెండుసార్లు రుద్ది పొడి నూలు గుడ్డతో తుడవండి.

ఆన్ చేసినప్పుడు బీప్ వస్తే గాభరా వద్దు. కేబుల్ పీకి, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి చూడండి, తర్వాత రెండోది మాత్రమే. ఏది పెడితే బీప్ వస్తుందో తేలిపోతుంది, దాన్నే వెనక్కి ఇవ్వాలి. రెండూ విడివిడిగా నడిచి, కలిపితేనే బీప్ వస్తే ఒక స్లాట్‌లో మురికి ఉండొచ్చు. అంతా బాగుంటే టాస్క్ మేనేజర్‌లో దాదాపు 8 జీబీ కనిపిస్తుంది. ఆ రాత్రి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపి వదిలేయండి. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ ఉంచుకోవద్దు, ఏదో ఒక రోజు మీ ఫైలునే పాడుచేస్తుంది. ఎవరైనా బయోస్ అప్‌డేట్ చేద్దామంటే ఒప్పుకోకండి. దీనికి అది అవసరం లేదు, మధ్యలో కరెంటు పోయిందంటే బోర్డు నిజంగానే పోతుంది.

ఇక హార్డ్ డిస్క్. ర్యామ్ కంటే నాకు దాని గురించే బెంగ ఎక్కువ. 2012 నుంచి తిరుగుతోంది. ఊళ్లోవాళ్ల శుభలేఖల డిజైన్లు, దస్తావేజులు, మీ ఇన్నేళ్ల పనంతా దాని మీదే ఉంది. ర్యామ్ పోతే ఇంకోటి కొంటాం, డిస్క్ పోతే అవన్నీ ఎక్కడ తెస్తాం? మీ దగ్గర డబ్బు ఇంకొంత మిగిలితే 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (పాత డిస్క్ కేబుల్‌కే తగిలేది, చిప్‌లతో నడిచే డిస్క్) ఒకటి వేయించి, విండోస్‌నీ ప్రోగ్రామ్‌లనీ దాని మీదకు క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయించండి. పాత డిస్క్ అదనపు కాపీల కోసమే ఉండాలి. మీ బోర్డు సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్ల దగ్గర ఆగిపోతుంది, అందుకని డబ్బాల మీద 500, 550 ఎంబీ అని రాసి ఉన్నా అంత రాదు. సగం వచ్చినా చాలు, ఎందుకంటే ఎస్‌ఎస్‌డీలో తిరిగే చక్రం లేదు, చిన్న చిన్న ఫైళ్లు వెతకడంలోనే మీకు తేడా తెలుస్తుంది. మామూలు కంపెనీది చాలు. బోర్డు మీదే నేరుగా గుచ్చే ఎం.2 రకం తీసుకోకండి, మీ తరం హెచ్61 బోర్డుల మీద దానికి చోటుండదు.

38 వేల కొత్త సిస్టమ్ మాట. అది పెట్టగలిగితే మంచిదే, కానీ ఈ సీజన్ గడవడానికి అప్పు చేసి కొననక్కర్లేదు. కాకపోతే ఒక్క విషయం మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్నవారికి అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తారు. రెండో తరం ఐ3ని విండోస్ 11 అధికారికంగా తీసుకోదు. ర్యామ్ పెంచినంత మాత్రాన ఇది మారదు. కాబట్టి ఈ మిషన్‌ను డీటీపీకీ ప్రింటింగుకీ ఉంచుకోండి. బ్యాంకు పనులు, జనం ఆధార్ కాపీలతో చేసే ఆన్‌లైన్ దరఖాస్తులు మాత్రం వీలైనంత త్వరగా వేరే దాని మీదకు మార్చండి. ఎదుటివాళ్లు మిమ్మల్ని నమ్మి కాగితాలిస్తున్నారు. కొత్తది కొనే రోజు వచ్చినప్పుడు కూడా ఈ 4 జీబీ ర్యామ్‌లు అందులోకి రావు, ఎస్‌ఎస్‌డీ వస్తుంది. అందుకే ర్యామ్ మీద అవసరానికి మించి పెట్టొద్దంటున్నాను.

మూత ఎలాగూ తీస్తున్నారు కాబట్టి ఇంకొక చిన్న పని. బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ ఉంటుంది, సీఆర్2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులది. ఇన్నేళ్లలో దాన్ని మార్చి ఉండకపోతే ఇప్పుడు మార్చండి, వాచీల షాపులో దొరుకుతుంది. అది నీరసపడితే కేబుల్ పీకినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పుగా ఉంటే ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరుచుకోవు, మీరు మళ్లీ ర్యామ్‌ను అనుమానిస్తారు. రాత ఉన్న వైపు పైకి ఉండేలా పెట్టి, ఆన్ చేసిన వెంటనే తేదీ, సమయం ఒకసారి సరిచూసుకోండి.